పచ్చ రిబ్బన్ ఎవరిది?

“ఢాం. గోడకేసి కొట్టాడు. మళ్ళీ ఢాం. ఇప్పుడు వాళ్ళు ఇతన్ని కొట్టారు. ఇతను పైకి ఎగిరాడు తాతయ్యా. ఎగిరి మళ్ళీ కొట్టాడు,” అంది పిడుగు.

“ఎవర్ని?” అన్నాడు తాతయ్య.

“అందర్నీ.”

“అందర్నీ ఒకేసారా?”

“అబ్బ, మధ్యలో అడిగితే ఎలా తాతయ్యా? నువ్వు అడిగేలోపు ఇంకో ఇద్దరు పడిపోయారు.”

తాతయ్య నోటి మీద వేలు వేసుకున్నాడు. ఇక అడగనన్నట్టు తల ఊపాడు.

టీవీ ఒకవైపు ఉంటే ఆయన కుర్చీ ఇంకోవైపు తిరిగి ఉంది. నాలుగు రోజుల క్రితం ఆయన కుడి కంటికి ఆపరేషన్ అయింది. దాని మీద తెల్లటి కట్టు ఉంది. ఎడమ కన్ను ఎప్పటినుంచో మసకే. రెండు వారాలపాటు టీవీ వంక చూడనే కూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. తాతయ్య సంగతి అమ్మకు బాగా తెలుసు. అందుకే కుర్చీని గోడవైపు తిప్పేసింది.

ఆ గోడ మీద ఒక క్యాలెండరు, పెచ్చు ఊడిన చోటు తప్ప ఏమీ లేవు. పాపం, తాతయ్యకి అవి కూడా సరిగ్గా కనిపించవు.

సినిమా లేకపోతే ఆయనకి పొద్దుపోదు. నలభై ఏళ్ళు ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాడు. మేడ మీద ఇరుకు గదిలో ప్రొజెక్టర్ నడిపేవాడు. గోడకున్న చిన్న కంతలోంచి ఎన్ని సినిమాలు చూశాడో ఆయనకే తెలీదు. అలాంటి మనిషి రెండు వారాలు గోడకి ఎదురుగా కూర్చోవడమంటే మాటలా? పిడుగుకి జాలేసింది. అందుకే ఆదివారం మధ్యాహ్నం తనే ఆయన దగ్గరికి వచ్చింది.

“నేను చూసి చెప్తా, నువ్వు విను తాతయ్యా. నాకు బాగా నచ్చిన సినిమా పెడతా.”

“ఒక్క ముక్క కూడా వదలకూడదు మరి,” అన్నాడు తాతయ్య. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం వెలిగింది.

“వదలను. ఒట్టు.”

పిడుగుకి పదేళ్ళు. అసలు పేరు స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఆమెకి నచ్చిన సినిమా పేరు ‘గాలి మేస్త్రి’. అందులో హీరో పగలు ఇళ్ళు కట్టే మేస్త్రి. ఊరికి ఆపద వస్తే నల్ల ముసుగు కట్టుకుని గాల్లో ఎగురుతాడు. ఎంత బరువునైనా భుజం మీద మోస్తాడు. ఊరినంతా కూల్చేయాలని చూసే విలన్ పేరు అద్దాల దొర. పిడుగు ఆ సినిమా పదకొండుసార్లు చూసింది. ఫైట్లు చెప్పడం ఆమెకి మంచినీళ్ళు తాగినంత తేలిక.

సగం సినిమా అయ్యాక ఒక సీన్ వచ్చింది. మసక వెలుతురు గది. మంచం అంచున మేస్త్రి ఒక్కడే కూర్చున్నాడు. మాటల్లేవు. వయొలిన్ ఒక్కటే మెల్లగా మోగుతోంది.

పిడుగుకి ఈ సీన్ అంటే చిరాకు. మొదటిసారే దానికి ‘బోరు’ అని ముద్ర వేసేసింది. అది రాగానే ప్రతిసారీ రిమోట్‌తో ముందుకు జరిపేది. అంటే పదకొండుసార్లు సినిమా చూసినా, ఈ సీన్ ఒక్కసారి కూడా చూడలేదన్నమాట.

ఇప్పుడు కూడా వేలు దానంతటదే బటన్ మీదికి వెళ్ళింది. తాతయ్యకి ఇచ్చిన మాట గుర్తుకొచ్చి ఒక్క క్షణం ఆగింది.

‘ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరూ కొట్టుకోవడం లేదు. ఇందులో చెప్పడానికి ఏముంది? అయినా తాతయ్యకి కనిపించదు కదా,’ అనుకుంది. నొక్కేసింది.

వయొలిన్ పుటుక్కున తెగిపోయింది. పెద్ద చప్పుడు వచ్చింది. తాతయ్య తల కొంచెం పక్కకి తిరిగింది.

“ఏమైంది?”

“బాంబు పేలింది తాతయ్యా,” అంది పిడుగు.

బాంబు పేలిన మాట నిజమే. కానీ తను పూర్తి నిజం చెప్పలేదని పిడుగుకి తెలుసు. అందుకే తర్వాతి ఫైట్‌ని మామూలుకన్నా గట్టిగా, చేతులు ఊపుతూ చెప్పింది.

చివరికి పెద్ద వంతెన కూలే సీన్ వచ్చింది. కింద పడవల నిండా జనం. పైన వంతెన విరిగి పడిపోతోంది.

“మేస్త్రి వంతెనని భుజం మీద మోస్తున్నాడు తాతయ్యా. మోకాళ్ళ మీద పడిపోయాడు. ఇప్పుడు తల వెనక పచ్చ రిబ్బన్ ముట్టుకున్నాడు. అంతే, లేచాడు. లేచి వంతెనని ఎత్తేశాడు.”

“రిబ్బనా? ఎవరిది?”

“మేస్త్రిదే. ముసుగుకి కట్టి ఉంటుందిగా.”

“ఎప్పట్నుంచి?”

“ఎప్పట్నుంచో ఉంటుందిలే తాతయ్యా.”

సినిమా అయిపోయాక తాతయ్య, “చాలా బాగా చెప్పావే,” అని పిడుగు తల నిమిరాడు. ఆ నిమరడం పిడుగుకి ఎందుకో అంత హాయిగా అనిపించలేదు.

నాలుగింటికి గేటు తాత వచ్చాడు.

గేటు తాత అదే హాల్లో టికెట్లు చింపి జనాన్ని లోపలికి పంపేవాడు. తలుపు తీసినప్పుడు ఒక ముక్క, వేసేలోపు ఇంకో ముక్క తప్ప పాపం ఏ సినిమా పూర్తిగా చూసినవాడు కాదు. ఆట అయ్యాక ఆపరేటర్ కిందికి దిగి, టీ తాగుతూ కథంతా అతనికి చెప్పేవాడు. హాలు మూసేసి చాలా ఏళ్ళయింది. అయినా ఇద్దరి అలవాటు మాత్రం పోలేదు. రోజూ నాలుగింటికి గేటు తాత రావాలి, తాతయ్య ఏదో ఒక సినిమా కథ చెప్పాలి.

“ఏం ఆపరేటరూ, ఇవాళ ఏం ఆడింది?” అంటూ గేటు తాత కూర్చున్నాడు.

“సూపర్‌హీరో సినిమారా గేటూ. మా పిడుగు చూపించింది.”

తాతయ్య కథ మొదలుపెట్టాడు. అద్దాల దొర నడిచినట్టు చేత్తో నడిచి చూపించాడు. గేటు తాత టీ గ్లాసు పట్టుకుని, తాగడం మర్చిపోయి విన్నాడు. పిడుగు గుమ్మం దగ్గర కూర్చుని వింది. తను చెప్పిన ఫైట్లు తాతయ్య నోట్లో ఇంకా బాగున్నాయి.

వంతెన దగ్గరికి వచ్చేసరికి గేటు తాత చెయ్యెత్తాడు.

“ఆగాగు. సూపర్‌హీరో నెత్తికి పచ్చ రిబ్బన్ ఏంటి? ఎవరిదది?”

తాతయ్య నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

“దాన్ని ముట్టుకోగానే బలం ఎలా వచ్చింది? మంత్రం రిబ్బనా?”

పిడుగు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. తాతయ్య ఆమె వైపు తిరగను కూడా తిరగలేదు.

“మధ్యలో కునుకు పట్టినట్టుందిరా. ఆ ముక్క జారిపోయింది,” అన్నాడు.

“నీకా? సినిమా మధ్యలో నీకు కునుకా?” అని గేటు తాత పెద్దగా నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. దాంతో గేటు తాత నవ్వు కూడా ఆగిపోయింది. గబగబా వాతావరణం గురించి మాట్లాడాడు. టీ సగంలోనే వదిలేశాడు.

వెళ్ళేటప్పుడు అమ్మ అతన్ని మెట్ల దాకా సాగనంపింది. గ్లాసులు తీసుకెళ్తున్న పిడుగు చెవిన అతని మాటలు పడ్డాయి.

“అమ్మాయ్, ఒక మాట చెప్తా, కంగారుపడకు. మీ నాన్న కథ మధ్యలో ఆగిపోవడం ఇన్నేళ్ళలో నేను చూళ్ళేదు. మా అన్నయ్యకి కూడా మతిమరుపు ఇలాగే మొదలైంది. డాక్టర్ చెవిన వేసి చూడు.”

“అలాగే బాబాయ్,” అంది అమ్మ.

పిడుగు గ్లాసులతో గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ తాతయ్యని వదల్లేదు. కంట్లో చుక్కలు వేస్తూ, “నాన్నా, ఇవాళ ఏ వారం?” అంది.

“ఆదివారం. ఏం, క్యాలెండరు పోయిందా?”

“పొద్దున ఏం తిన్నావు?”

“నువ్వు మాడ్చిన బ్రెడ్డు. అది మర్చిపోదామన్నా మర్చిపోలేను.”

మామూలుగా అయితే అమ్మ నవ్వేది. ఇవాళ చుక్కల సీసా మూత పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి ఉంది. మంగళవారం డాక్టర్‌ని అడగాల్సినవి అందులో రాసుకుంటోంది. కన్ను దురద. తలస్నానం ఎప్పుడు. వాటి కింద ఇప్పుడు ఇంకో మాట చేర్చింది.

అమ్మ పక్కకి జరిగాక పిడుగు దాన్ని చదివింది. ‘మతిమరుపు’ అని ఉంది.

ఇన్నాళ్ళూ పిడుగు చేసిన తప్పులు చిన్నవి. పెన్సిల్ పోగొట్టుకోవడం, హోంవర్క్ మర్చిపోవడం. తిట్లు తింటే అయిపోయేవి. ఇప్పుడు తను ఒక్క బటన్ నొక్కినందుకు తాతయ్యకి లేని జబ్బు అంటగడుతున్నారు. ఆయన కూడా నోరు తెరిచి తన తప్పు లేదని చెప్పడం లేదు.

“అమ్మా, ఆ మాట కొట్టెయ్,” అంది.

“ఏ మాట?”

“చివరిది. తాతయ్యకి మతిమరుపు లేదు. నేనే ఒక సీన్ వదిలేశా. అన్నీ చెప్తానని ఒట్టేసి, బోరని ముందుకి జరిపేశా. ఆ రిబ్బన్ ఎవరిదో తాతయ్యకి ఎలా తెలుస్తుంది? నాకే తెలీదు.”

ఏడుపు మధ్యలో మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అమ్మ స్టూల్ లాక్కుని కూర్చుంది. తిడుతుందనుకుంది పిడుగు. అమ్మ చీర చెంగుతో తన కళ్ళే తుడుచుకుంది.

“నాలుగింటి నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు తెలుసా? పద, తాతయ్య దగ్గరికి.”

తాతయ్య గోడకి ఎదురుగా అలాగే కూర్చుని ఉన్నాడు. అమ్మ ఆయన ముందు నిలబడింది.

“నాన్నా, ఇది సీన్ వదిలేసిందట.”

“అవును,” అన్నాడు తాతయ్య తాపీగా. “సుమారు నాలుగు నిమిషాలు.”

పిడుగు ఏడుపు టక్కున ఆగింది. “నీకు తెలుసా?”

“నలభై ఏళ్ళు ఆపరేటర్‌ని. వయొలిన్ మధ్యలో తెగితే నాకు తెలీదా?”

“మరి గేటు తాతకి కునుకు పట్టిందని ఎందుకు చెప్పావు?”

“వాడి ముందు నీ పరువు తీయమంటావా?”

“నన్ను తిట్టొచ్చుగా తాతయ్యా.”

“నువ్వే చెప్తావేమోనని చూశా,” అన్నాడు తాతయ్య. పిడుగు చెయ్యి వెతికి పట్టుకున్నాడు. “అయినా నేను ఎవర్ని తిట్టను? నేనూ ఓసారి ఒక రీలు వదిలేశా.”

“నువ్వా?” అన్నారు తల్లీకూతుళ్ళు ఒకేసారి.

“మీ అమ్మ అప్పుడే పుట్టింది. చూడాలని ప్రాణం లాగేస్తోంది. మధ్యలో ఒక రీలు తీసి పక్కన పెట్టేశా. ఆట త్వరగా అయిపోయింది. హాల్లో ఎవరూ గొడవ చెయ్యలేదు. ఒకావిడ మాత్రం బయటికి పోతూ గేటువాణ్ణి అడిగిందట, ఆ అన్నదమ్ములు మళ్ళీ ఎలా కలిసిపోయారయ్యా అని. వాడు పరుగెత్తుకొచ్చి నన్నడిగాడు. నేను కిందికి దిగేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ సినిమా ఇప్పటికీ సగమే.”

తాతయ్య కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

“నేను ఆవిడలా వెళ్ళిపోను. సినిమా నీ చేతిలో ఉండగానే అడుగుతున్నా. ఆ నాలుగు నిమిషాల్లో ఏముందే?”

“నేనెప్పుడూ చూళ్ళేదు తాతయ్యా.”

“అయితే ఇద్దరికీ కొత్త సినిమానే. పెట్టు.”

పిడుగు సినిమా పెట్టింది. అదే మసక గది, అదే వయొలిన్. మొదట ఏం చెప్పాలో తోచలేదు. ఢాం అనడానికి ఏమీ లేదు. తాతయ్య తొందరపెట్టలేదు.

“మేస్త్రి మంచం మీద కూర్చున్నాడు,” అంది. “ముసుగు కట్టుకుంటున్నాడు. దాని తాడు తెగిపోయింది. ముడి వేద్దామని చూస్తున్నాడు. పడట్లేదు.”

“ఎందుకు?”

పిడుగు టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. “చేతులు వణుకుతున్నాయి తాతయ్యా. అతనికి భయంగా ఉంది.”

ఆ మాట అన్నాక తనే ఆశ్చర్యపోయింది. పదకొండుసార్లు చూసిన మేస్త్రి ఎప్పుడూ భయపడలేదు. ఎంతమంది వచ్చినా కొట్టేశాడు. ఇతను వేరే మేస్త్రిలా ఉన్నాడు.

“పక్కన ఒక చిన్న పాప పడుకుని ఉంది. అతని కూతురేమో. లేచింది. ఏం అడగలేదు. అతని చేతులు చూసింది. తన జడకున్న రిబ్బన్ ఊడదీసింది.” పిడుగు ఇంకాస్త ముందుకి వంగింది. “పచ్చ రిబ్బన్ తాతయ్యా. మంచం మీద నిలబడి, ముసుగుని దాంతో కడుతోంది. నాలుక బయటపెట్టి కడుతోంది. చాలా గట్టిగా ముడి వేసింది. అతను పాప అరచెయ్యి చెంపకి ఆనించుకున్నాడు. అంతే. కిటికీలోంచి వెళ్ళిపోయాడు.”

వయొలిన్ ఆగిపోయింది. ఈసారి దానంతటదే ఆగింది.

తర్వాత అదే బాంబు పేలింది, అవే ఫైట్లు వచ్చాయి. కానీ పిడుగుకి అవేవీ పాతవిగా అనిపించలేదు. ప్రతి దెబ్బకీ ‘అయ్యో, ఇంట్లో పాప ఉందే’ అనిపించింది. వంతెన సీన్‌లో మేస్త్రి మోకాళ్ళ మీద పడ్డప్పుడు తాతయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను రిబ్బన్ ముట్టుకున్నప్పుడు చెప్పడం కూడా మర్చిపోయింది.

“ఏమైందే? ఆగిపోయావేం?” అన్నాడు తాతయ్య.

“ముట్టుకున్నాడు,” అంది పిడుగు.

తాతయ్యకి అర్థమైంది. “మా హాల్లో కూడా ఇలాంటప్పుడు ఎవరూ ఈల వేసేవాళ్ళు కాదు. నా కంతలోంచి చూస్తే జనమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు. నాకు అదే ఇష్టం,” అన్నాడు.

అమ్మ ఎప్పుడు వచ్చిందో గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. వంటింట్లోకి వెళ్ళి, కాగితం మీద చివరి మాట పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

కానీ పిడుగు పని ఇంకా అవ్వలేదు. గేటు తాత అనే పెద్ద గండం మిగిలే ఉంది. రేపు ఆయనకి తాతయ్యో, అమ్మో చెప్పేస్తే బాగుండునని అనిపించింది. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ బయటికి రానివ్వలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి, సంచీ ఇంట్లో పడేసి, మెట్ల మీద కూర్చుంది. నాలుగింటికి కింద చెప్పుల చప్పుడు వినపడింది. పిడుగు లేచి నిలబడి రెయిలింగ్ పట్టుకుంది. ఇంట్లోకి పరుగెత్తి తలుపేసుకోవాలనిపించింది. పరుగెత్తలేదు.

“గేటు తాతా, నిన్న తాతయ్యకి కునుకు పట్టలేదు.”

గేటు తాత మెట్ల మధ్యలో ఆగాడు.

“నేనే ఆయనకి ఒక సీన్ చెప్పలేదు. బటన్ నొక్కేశా. ఆయన నా కోసం అబద్ధం చెప్పాడు. తాతయ్యకి మతిమరుపు లేదు. అంతా గుర్తుంది. తప్పు నాది.”

గేటు తాత ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. కోపం వచ్చిందేమోనని పిడుగు భయపడింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. అద్దాలు ఎంతకీ పొడిగా అవ్వలేదు.

“అయితే మావాడికి ఏమీ కాలేదన్నమాట,” అన్నాడు.

“ఏమీ కాలేదు.”

“రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. వాడు నన్ను కూడా మర్చిపోతే ఇక నేను నాలుగింటికి ఎక్కడికి పోవాలా అని.”

పిడుగు ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. “క్షమించు తాతా,” అంది.

గేటు తాత ఆమె వీపు మీద తట్టాడు. “సర్లే. చెప్పావుగా. పద, కథ మొదట్నుంచీ వినాలి. నిన్నటిది చెల్లదు.”

ఇద్దరూ పైకి వెళ్ళారు. అమ్మ టీ పెట్టింది. తాతయ్య కథ మొదలుపెట్టాడు. మళ్ళీ అద్దాల దొర నడిచాడు, మళ్ళీ గోడలు పగిలాయి. గేటు తాత మళ్ళీ టీ తాగడం మర్చిపోయాడు. కథ సగానికి వచ్చాక తాతయ్య ఆగాడు.

గేటు తాత ముఖంలో రంగు మారింది. “ఏం, ఆగావేం?”

“ఇక్కడ మాటల్లేవురా. నాకు వయొలిన్ ఒక్కటే వినపడింది,” అన్నాడు తాతయ్య. “చూసినవాళ్ళు చెప్పాలి.”

కట్టు కట్టిన కన్నూ, మసక కన్నూ, కళ్ళజోడు కళ్ళూ అన్నీ పిడుగు వైపు తిరిగాయి. పిడుగు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మెల్లగా చెప్పింది. మంచం గురించి చెప్పింది. తెగిన తాడు గురించి చెప్పింది. వణికే చేతులు ఎలా ఉన్నాయో తన చేతులతో చూపించింది.

“సూపర్‌హీరోకి భయమేంటే?” అన్నాడు గేటు తాత. “ఇంతకీ తర్వాతి ఫైట్ ఎప్పుడు?”

“ఫైట్ వస్తుంది తాతా,” అంది పిడుగు. “కాసేపు ఆగు. పాప ఇంకా ముడి వెయ్యలేదు.”